సంగీతసభకు చందా



గృహిణి వ్రాసికొను నెలసరి పద్దులో బియ్యము, పప్పు, నూనె, పాలు, బడిరుసుము, మందులు అను పంక్తులుండును. పాట యను పంక్తి యెవరి పద్దులోను కానరాదు. పండుగచీరకు రెండువేలు వెచ్చించుటకు వెనుదీయని యిల్లాలైనను సంగీతసభకు చందా కట్టుమన్నచో "ఇంట రేడియో యుండగా నెందుకమ్మా?" యని యడుగును. మేమును మొన్నమొన్నటి వరకు అట్లే యడిగినవారమే. ఆ పంక్తి మా పద్దులోని కెట్లు వచ్చినదో, వచ్చినందువలన మాకు కలిగిన లాభనష్టము లెట్టివో మీకు విన్నవించుకొందుము.

మేము కాపురముండునది హైదరాబాదు పాతబస్తీలోని కిషన్‌బాగ్. చేరువనే మీరాలం చెరువు, 1963వ సంవత్సరమున తెరువబడిన జంతుప్రదర్శనశాల. తెల్లవారుజామున అజానుతోపాటు సింహగర్జనము కూడ వినబడు దినములు కలవు. సంగీతసభలు మాత్రము మూసీకి ఆవలనే జరుగుచుండును. 1961లో వెలసిన రవీంద్రభారతి ఆ దరినే యున్నది. సికిందరాబాదు సభ లింకను దూరము.

అంతమాత్రమున మా ప్రాంతము సంగీతమునకు పరాయిదని తలంపరాదు. కంచెర్ల గోపన్న రామదాసుగా చెరయనుభవించిన గోలకొండ మాకు పొరుగుననే యున్నది. కవయిత్రియు, గానవిదుషియు నైన మహలఖాబాయి చందా (1768–1824) నిజాముల కొలువున మన్ననలందినది. పండిత జస్‌రాజ్‌గారి తండ్రి మోతీరాంగారు 1934లో ఈ నగరమునందే కన్నుమూసిరి. వారి స్మృత్యర్థము జస్‌రాజ్‌గారు ఏటేట ఇచట సంగీతోత్సవము నడపిరి. 1968లో బషీర్‌బాగున పరమపదించిన బడే గులాం అలీఖాన్‌గారి సమాధి పాతబస్తీలోని దాయరా మీర్ మోమిన్‌లో నున్నది. ఇట్టి నేలపై నుండియు, పదునైదేండ్లుగా మేమొక్క కచ్చేరియైనను ఎదుట కూర్చుండి విని యెరుగము.

మా యత్తగారు డెబ్బదియొక్క యేండ్లవారు. పుట్టినిల్లు విజయనగరము. 1919లో మహారాజావారి సంగీత కళాశాల వెలసిన యూరు. ఆదిభట్ల నారాయణదాసుగారు, ద్వారం వెంకటస్వామినాయుడుగారు పాఠములు చెప్పిన యూరు. తండ్రిగారి యరుగుపై విని విని వారు కీర్తనలు నేర్చిరి. పెండ్లియైన పిదప వంటయింట కూనిరాగముగ తప్ప పాడిన దినము లేదు. నిరుడు వారికి మాట సరిగా వినబడుట లేదని వైద్యునికడకు గొనిపోయితిమి. వయసుతో వచ్చు చెవుడు మొదట హెచ్చుశ్రుతి ధ్వనులను హరించుననియు, హల్లులు మసకబారి మాట తెలియకుండ పోవుననియు, తగ్గుశ్రుతి ధ్వనులు మరికొంతకాలము నిలుచుననియు ఆయన చెప్పెను. చెవి యంత్రము మాటకొరకు అమర్చబడునదగుటచే సంగీతము దానిలో ఒక్కొక్కప్పుడు వికృతముగా వినబడునట. ఇంటికి వచ్చి అత్తగారు "అమ్మాయీ! పాట పూర్తిగా పోకముందే ఒక్కసారి ఎదురుగా కూర్చుని వినాలని ఉందే" యనిరి. వారు మమ్మేదైన కోరుట అదియే మొదలు.

నగరములోని యొక సభవారి చందా విచారించితిమి. సంవత్సరమునకు ఎనిమిది కచ్చేరీలు, ఇరువురికి ప్రవేశము, రెండువేల నాలుగువందల రూపాయలు. లెక్కించి చూడగా ఒక కచ్చేరికి మూడువందలు, తలకు నూటయేబది. నెలకు రెండువందలు డబ్బాలో వేసినచో ఏడాదికి సరిపోవును. కాని అంతకాల మాగుటకు మాకు వ్యవధి యెక్కడిది? పిల్లవాని లెక్కల ట్యూషనుకై దాచిన సొమ్ము తప్ప చేత వేరు ధనము లేదు. మా వారు బడిపంతులు. రెండుదినములు మాటాడలేదు. మూడవనాడు "పంతులుగారి కొడుకుకి ట్యూషను పెట్టించామని నలుగురూ నవ్వకముందే నేనే చెప్పుకుంటాను లెండి" యని తల్లి యెదుట పలికిరి. ఆనాటినుండి రాత్రులు తండ్రియు కొడుకును లెక్కలతో కుస్తీ పట్టుచుండిరి. ఇది వారికి సులభమైన త్యాగము కాదు. దినమెల్ల అరచి వచ్చిన గొంతు మరల తెరువవలెను.

చందా యనగా కేవలము ముందుగా కొన్న టిక్కెట్టు కాదని మేము తరువాత గ్రహించితిమి. పూర్వము విద్వాంసుని పోషించినవారు రాజులును, జమీందారులును. రాజు పోయిన పిదప ఆ భారము గృహస్థులపై పడినది. మదరాసున పార్థసారథిస్వామి సభ 1900లో పుట్టినది. 1927 నాటి కాంగ్రెసు మహాసభతోపాటు జరిగిన సంగీత సమ్మేళనము ఫలితముగా 1928లో సంగీత అకాడమీ యేర్పడినది. మండపమునకు అద్దె, విద్వాంసునకు సంభావన, ప్రయాణవ్యయము ముందే నిశ్చయింపబడవలెను. ఆనాటి టిక్కెట్లనే నమ్ముకొన్న సభకు వాన కురిసినచో నష్టమే. చందాదారుల సొమ్ము ముందుగా చేతనున్న సభ, పేరుమోసినవారితోపాటు క్రొత్తగా పాడవచ్చు బాలికకు కూడ ఒక సాయంకాల మీయగలదు.

స్త్రీలకు ఈ వేదికలు ఊరక లభింపలేదు. తిరువాయూరులో త్యాగరాజస్వామి సమాధికి 1920 ప్రాంతములందు మందిరము కట్టించిన బెంగుళూరు నాగరత్నమ్మగారికే, స్త్రీయైన కారణమున ఆరాధనలో పాడుట నిషేధింపబడెను. ఆమె స్త్రీలచే వేరుగా ఆరాధన జరిపించి, పోరాడి, తుద కా ద్వారము తెరిపించిరి. మదరాసు అకాడమీవారి సంగీతకళానిధి బిరుదము ఒక స్త్రీకి లభించుటకు 1968 వరకు ఆగవలసి వచ్చినది, ఆమె యెం. ఎస్. సుబ్బులక్ష్మిగారు. నేడు మనము సుఖముగా కూర్చుండు కుర్చీ వెనుక ఇంత కథ యున్నది.

మొదటి రెండు కచ్చేరీలు మాకు పండుగలైనవి. మూడవనాడు మాత్రము చెప్పరాని ఖేదము కలిగినది. మాకు కేటాయించిన వరుసలో ఎవరో ప్రముఖుల అతిథులు కూర్చుండిరి. కార్యకర్తలు మమ్ము చివరకు గొనిపోయి ధ్వనిపేటిక ప్రక్కన కూర్చుండబెట్టిరి. ఆ హోరులో అత్తగారికి గాత్రమేదో, వాయులీనమేదో తెలియలేదు. ఇంటికి వచ్చి కాళ్లు కడుగుకొని "ఇంక నన్ను తీసుకెళ్లకమ్మా. నీ డబ్బు దండగ" యనిరి. మాకు నిద్రపట్టలేదు. ట్యూషను సొమ్ము కనులయెదుట మెదలినది. ఎదిరించి యడుగుట మర్యాద కాదని సభలో మేము నోరు మెదపకుండుటయే మా తప్పు.

మరునాడు కార్యదర్శిగారికి ఒక జాబు వ్రాసితిమి. నిందలేవియు వేయలేదు. చందా తీసికొన్న తేది, కుర్చీల సంఖ్యలు, పెద్దవారి చెవి సంగతి, మాకు కావలసిన దేమియో వరుసగా వ్రాసితిమి. పదిదినములకు ప్రత్యుత్తరము వచ్చినది. వేదికకు దగ్గరగా, ధ్వనిపేటికలకు దూరముగా నడిమి వరుసలో వృద్ధులకై కొన్ని కుర్చీలు నిలిపితిమని అందుండెను. నాలుగవ కచ్చేరికి అత్తగారిని బ్రతిమాలి వెంటబెట్టుకొని పోయితిమి.

ఆనాడు ఆలాపన ప్రారంభమైన కొంతసేపటికి, సాహిత్యము కొరకు మేము చెవులు రిక్కించియుండగా, అత్తగారు మోకాలిపై చేయివేసి "కాంభోజి" యనిరి. మాటలు వారికి తెలియకుండుట నిజమే. రాగము మాత్రము ఎందును పోలేదు. తని యావర్తనమున వారి వ్రేళ్లు తాళము తప్పలేదు. అప్పటినుండి ఇంట నొక క్రొత్త పని బయలుదేరినది. తండ్రిగారి వలన నేర్చిన కీర్తనలను వారు సాయంకాలమున మా యమ్మాయికి చెప్పుచున్నారు. తమ గొంతు శ్రుతి తమకు వినబడుచుండగనే చెప్పవలెనని వారి తొందర. మేము సాహిత్యమును నోటుపుస్తకమున వ్రాయుచున్నాము. ఇప్పటికి పండ్రెండు కీర్తనలైనవి.

చందా కట్టదలచిన సోదరీమణులకు మా యనుభవమున తేలిన మాటలు కొన్ని. రసీదు భద్రపరుపుడు. పాసు మరియొకరికి ఈయవచ్చునో లేదో ముందే తెలిసికొనుడు; మాకు వీలుపడని దినమున పొరుగింటి యిల్లాలును, ఆమె కూతురును పోయి విని వచ్చిరి. తిరిగివచ్చు మార్గము నాలోచింపక పోరాదు. మేము ఆటోలో మహాత్మాగాంధి బస్‌స్టేషనుకు చేరి, అచటినుండి మెట్రోలో నాలుగవదైన అసెంబ్లీ స్టేషనున దిగుదుము. రాత్రికి పులిహోర ముందే కలిపి యుంచుదుము. చిన్నబిడ్డలున్నవారు నడవా ప్రక్క కుర్చీ కోరుకొనుట మేలు.

శాస్త్రము తెలియదని వెనుదీయవలదు. నేటి కచ్చేరి క్రమము చాలవరకు అరియక్కుడి రామానుజయ్యంగారుగారు (1890–1967) స్థిరపరచినది. మొదట వర్ణము, పిదప చిన్న కృతులు, నడుమ విస్తారమైన రాగము, తని యావర్తనము, చివర పదములు, జావళీలు, మంగళము. ఇది విందులో వడ్డన క్రమము వంటిదే. ఒకసారి తెలిసినచో ఎచట ఏది వచ్చునో గుర్తింపగలము. మోహన, కల్యాణి వంటి రాగములు రెండు చెవికి పట్టువడినను చాలును. పోతన భాగవతము చదివిన యింట త్యాగరాజస్వామి సాహిత్యము కొరుకుడుపడదు; ఆ మహనీయునకు ఆ గ్రంథము నిత్యపారాయణమని ప్రసిద్ధి. తెనుగు రాని తమిళదేశపు శ్రోతలు ఈ మాటలకై అర్థము అడిగి తెలిసికొనుచుండగా, తెనుగింటి యాడువారము మన మెందుకు దూరముగా నుండవలెను?

ఈ సంవత్సరపు పద్దులో పాలకును, మందులకును నడుమ "పాట, రెండువందలు" అని నెలనెల వ్రాయుచున్నాము. పిల్లవానికి లెక్కలలో మార్కులు విశేషముగా పెరుగలేదు, తగ్గనులేదు. అత్తగారికి వినికిడి మరికొంత తగ్గినది. వచ్చు ఋతువునకు చందా కట్టితిమి. మీ యింటనున్న పెద్దవారిని ఒక్కసారి యడిగి చూడుడు: వారేమి వినవలెనని కోరుచున్నారో. ఆ కోరిక తీర్చుటకు ఆలస్యము చేయకుడు.