తరగతి గది లేని కళాశాల

తెలుగు సినిమాలో కళాశాల అనగానే మనసులో మెదిలే దృశ్యాలు కొన్ని ఉన్నాయి: క్యాంటీన్, సిటీ బస్సు, వార్షికోత్సవ వేదిక, మెట్ల మీద కూర్చున్న కుర్రాళ్ళ గుంపు, వాళ్ళ ముందు నుంచి పుస్తకాలు గుండెలకు హత్తుకుని నడిచిపోయే అమ్మాయి. ఆ పుస్తకాలేమిటో ప్రేక్షకుడికి సాధారణంగా తెలియదు. ఆమె ఫీజు ఎవరు కడుతున్నారో, పట్టా చేతికి వచ్చాక ఏం చేయదలచుకున్నదో కూడా తెలియదు. ఇలా తెలియకపోవడం యాదృచ్ఛికం కాదనీ, దానికొక చరిత్ర ఉన్నదనీ చూపడం ఈ వ్యాసం ఉద్దేశం.

నిజజీవితంలో తెలుగు స్త్రీల ఉన్నత విద్యకు అడ్డుపడ్డవి చాలా లౌకికమైన విషయాలు. 1930లలో దుర్గాబాయి (తరువాతి కాలపు దుర్గాబాయి దేశ్‌ముఖ్) వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చేరదలచినప్పుడు ఎదురైన చిక్కు ఆమె తెలివితేటలకు సంబంధించినది కాదు. అక్కడ స్త్రీలకు వసతిగృహం లేదు. ఆమె పత్రికా ప్రకటన ద్వారా మరికొందరు విద్యార్థినులను కూడగట్టి, వసతి ఏర్పాటు చేసుకుని, వైస్ ఛాన్సలర్ కట్టమంచి రామలింగారెడ్డిని ఒప్పించి చదువు సాగించారు. ఉండటానికి ఒక గది, కట్టడానికి డబ్బు, తోడుగా నలుగురు: అసలు సమస్య అదీ.

తొలినాటి సినిమాకు ఈ లౌకిక స్పృహ కొంత ఉండేది. ‘మిస్సమ్మ’ (1955)లో సావిత్రి పోషించిన మేరీ పట్టభద్రురాలు. ఇంటి అప్పు తీర్చడానికి ఆమెకు ఉద్యోగం కావాలి. పట్టభద్రులైన దంపతులకే ఉద్యోగమంటే, అపరిచితుడితో భార్యాభర్తలుగా నటించడానికి ఒప్పుకుంటుంది. ఆమె కళాశాల మనకు కనిపించదు. కానీ చదువు ఆమెకు అలంకారం కాదని, జీవనాధారమని కథ మొత్తం చెబుతూనే ఉంటుంది.

ఈ స్పృహ ఎక్కడ పలచబడిందో చూడాలంటే ఒక నవలనూ దాని ఆధారంగా తీసిన సినిమానూ పక్కపక్కన పెట్టాలి. వృత్తిరీత్యా వైద్యురాలైన డాక్టర్ పి. శ్రీదేవి ‘కాలాతీత వ్యక్తులు’ నవల 1957-58లో ‘తెలుగు స్వతంత్ర’లో ధారావాహికగా వచ్చింది. చదువుకోవడానికి వచ్చి అద్దెగదిలో దిగిన కల్యాణి, ఉద్యోగం చేస్తూ తండ్రిని పోషించే ఇందిర, వైద్య విద్యార్థి అయినా సొంతంగా నిర్ణయం తీసుకోలేని ప్రకాశం ఇందులో ముఖ్యపాత్రలు. ఇంటి అద్దె, జీతం, ఒంటరి ఆడపిల్ల గురించి పదిమంది అనుకునే మాటలు ఈ కథను నడిపిస్తాయి. ఇందిరను రచయిత్రి ఆదర్శమూర్తిని చేయలేదు, దోషిని చేసి శిక్షించనూ లేదు. బతకడం తెలిసిన మనిషిగా చూపింది.

ఈ నవల ఆధారంగా ఆదుర్తి సుబ్బారావు దర్శకత్వంలో 1963లో సినిమా వచ్చింది. శ్రీదేవి అప్పటికి లేరు, 1961లోనే మరణించారు. అక్కినేని నాగేశ్వరరావు, సావిత్రి, కృష్ణకుమారి నటించిన ఆ చిత్రం సరదాగానే ఉంటుంది. కానీ నవలలోని కరుకుదనం అందులో కరిగిపోయి, కథ ప్రధానంగా ఎవరు ఎవరిని పెళ్ళాడతారన్న ప్రశ్న చుట్టూ తిరుగుతుంది. దాని పేరు ‘చదువుకున్న అమ్మాయిలు’. పేర్ల మధ్య తేడాలోనే మార్పంతా ఉంది: నవలలో వాళ్ళు వ్యక్తులు, సినిమాలో అమ్మాయిలు.

ఈ తేడాకు కారణం రచయిత్రి ప్రతిభ, దర్శకుడి దృష్టి మాత్రమే కాదు. ఎవరి కోసం తయారవుతున్నదన్నది కూడా. వారపత్రికల ధారావాహికలను నిలబెట్టిన పాఠకుల్లో స్త్రీలు ఎక్కువ. అందుకే యద్దనపూడి సులోచనారాణి ‘సెక్రటరీ’ వంటి నవలలు చివరికి సంపన్నుడైన నాయకుడి దగ్గరికే చేరినా, దారిలో ఉద్యోగం చేసే అమ్మాయి ఆత్మాభిమానానికి చోటిచ్చాయి. సినిమా వ్యాపారం మాత్రం క్రమంగా మొదటి వారం టికెట్టు కొనే యువకుల మీద ఆధారపడింది. కెమెరా వాళ్ళ స్థానంలో, అంటే ఆ మెట్ల మీద, కూర్చుంది.

1985లో టి. కృష్ణ ‘ప్రతిఘటన’ ఒక మినహాయింపు: విజయశాంతి పోషించిన అధ్యాపకురాలు తరగతి గదిలోనే తనకు జరిగిన అవమానానికి విద్యార్థులను నిలదీస్తుంది. నాలుగేళ్ళకు వచ్చిన రామ్‌గోపాల్ వర్మ ‘శివ’ కళాశాలను ముఠాల రంగస్థలంగా మార్చి, తెలుగు సినిమా భాషనే మార్చింది. అందులో అమల పాత్ర ఆశ కూడా విద్యార్థినే. అయితే కథలో ఆమె మొదటి ప్రయోజనం, నాయకుడు సైకిల్ చైన్ లాగడానికి ఒక సందర్భం కావడం. ఆ తర్వాతి ప్రేమకథల్లో ఈ నమూనా స్థిరపడింది: వెంటపడటం ప్రేమ, వద్దనడం ప్రేమకు తొలిమెట్టు. 2008 డిసెంబరులో వరంగల్‌లో ఇద్దరు ఇంజనీరింగ్ విద్యార్థినులపై యాసిడ్ దాడి జరిగి, ఒకరు ప్రాణాలు కోల్పోయారు. నేరానికి కారణం సినిమా అనడం తేలిక, నిరూపించడం కష్టం. కానీ వద్దన్న మాటను ప్రశ్నించకుండా గౌరవించే నాయకుణ్ణి మన తెర ఎన్నిసార్లు చూపిందన్న ప్రశ్నను తప్పించుకోలేం.

విచిత్రమేమంటే, తెరమీద తరగతి గది మాయమైన కాలంలోనే బయట అది అమ్మాయిలతో నిండింది. 1990ల నుంచి ప్రైవేటు ఇంజనీరింగ్ కళాశాలలు పెరిగాయి. ఎంసెట్ ప్రవేశాల్లో మూడోవంతు సీట్లు స్త్రీలకు దక్కాయి. ఈ వ్యాసం చదువుతున్నవారిలో చాలామంది ఆ దారినే ఇక్కడికి వచ్చారు. శేఖర్ కమ్ముల ‘హ్యాపీ డేస్’ (2007) ఆ తరానికి దగ్గరగా వెళ్ళి అమ్మాయిలను స్నేహితులుగా చూపింది, కథ అబ్బాయిల వైపు నుంచి సాగినా. పదేళ్ళకు ‘అర్జున్ రెడ్డి’లో వైద్య విద్యార్థిని ప్రీతి తరగతిలో ఉండాలా వద్దా అన్నది కూడా నాయకుడే నిర్ణయిస్తాడు. 2025లో రాహుల్ రవీంద్రన్ తీసిన ‘ది గర్ల్‌ఫ్రెండ్’ సరిగ్గా అలాంటి బంధాన్నే అవతలి వైపు నుంచి, సాహిత్యం చదువుకునే విద్యార్థిని కళ్ళతో చూసింది.

సినిమాలో అబ్బాయిలు మాత్రం చదువుతున్నారా అని అడగవచ్చు. చదవరు. కానీ చదవకపోవడం వల్ల నాయకుడికి పోయేదేమీ లేదు. అతని కథ అతనికి ఉంటుంది. నాయిక నుంచి చదువు తీసేస్తే మిగిలేది అతని కథలో ఒక పాత్ర మాత్రమే.

ఇది తెరకే పరిమితమైతే ఇంత చర్చ అక్కరలేదు. నేనుండే అరోరాలో, బాలాజీ ఆలయం చుట్టూ అల్లుకున్న తెలుగు కుటుంబాల్లో, ఆగస్టు నెల పిల్లలను కళాశాలకు పంపే నెల. అర్బానా-షాంపేన్‌కు కారులో రెండున్నర గంటల ప్రయాణం. కొడుకును దింపి వచ్చినవారిని కంప్యూటర్ సైన్సా, మరేదైనానా అని అడుగుతాం. కూతుర్ని దింపి వచ్చినవారిని రూమ్మేట్ ఎవరు, జాగ్రత్తలన్నీ చెప్పారా అని అడుగుతాం. రెండో ప్రశ్నలో ప్రేమ లేదని కాదు. కానీ అది మనం మెట్ల మీద కూర్చుని చూసిన కళాశాలకు సంబంధించిన ప్రశ్న. ఆ అమ్మాయి వెళ్ళింది తరగతి గదికి. ఏం చదువుతున్నావని ఆమెను ముందుగా అడగటం, ఆ జవాబును చివరిదాకా వినటం మనం ఇంకా అలవాటు చేసుకోవలసిన పని.