మాట్లాడే పరీక్షకు ఏ పుస్తకాలు కొందాం?

నర్సింగ్, డిగ్రీ పూర్తిచేసి ఐర్లాండ్, బ్రిటన్ వంటి దేశాలకు వెళ్లాలనుకునే పిల్లలు ఇప్పుడు దాచేపల్లిలోనూ ఉన్నారు. వారిలో చాలామంది రాయవలసింది ఐఈఎల్‌టీఎస్ పరీక్ష. వినడం, చదవడం, రాయడం, మాట్లాడడం అని అందులో నాలుగు భాగాలు. మన పిల్లలు జంకేది చివరిదానికే. దాతలు ఇచ్చే పుస్తకాల సొమ్ము వృథా కాకూడదని ఈ నాలుగు మాటలు రాస్తున్నాం.

మాట్లాడే పరీక్ష 11 నుంచి 14 నిమిషాలు. మొదట ఇల్లు, చదువు, అలవాట్ల గురించి మామూలు ప్రశ్నలు. తరువాత ఒక కార్డు ఇచ్చి, నిమిషం ఆలోచించుకోనిచ్చి, రెండు నిమిషాల దాకా మాట్లాడమంటారు. చివర దానికి సంబంధించిన చర్చ. ధారాళత, పదసంపద, వ్యాకరణం, ఉచ్చారణ, ఈ నాలుగింటికీ సమాన విలువ.

జవాబులు రాసిపెట్టిన గైడ్లు చౌకగా దొరుకుతాయి. కానీ బట్టీ పట్టిన జవాబును పరీక్షకులు ఇట్టే పసిగడతారు. వాటికి సొమ్ము పెట్టవద్దు.

కొనదగినవి మూడు రకాలు. మొదటివి కేంబ్రిడ్జ్ వారి నమూనా పరీక్షల పుస్తకాలు. ఒక్కోదానిలో నాలుగు పరీక్షలుంటాయి. అకడమిక్, జనరల్ అని వేరువేరుగా వస్తాయి. మాట్లాడే భాగం రెండింటికీ ఒకటే అయినా, నర్సింగుకు, కాలేజీ చదువులకు అడిగేది సాధారణంగా అకడమిక్ కాబట్టి అదే కొనాలి. రెండోది రేమండ్ మర్ఫీ వ్యాకరణం. జవాబులున్న ప్రతి తీసుకుంటే పిల్లలు సొంతంగా దిద్దుకోగలరు. మూడోది ఆడియో ఉన్న ఉచ్చారణ పుస్తకం. ఇంట్లో ఉర్దూ ఉండడం వల్ల జకాత్‌లోని 'జ', ఫజర్‌లోని 'ఫ' మన పిల్లలకు ముందే వచ్చు. ఇంగ్లిషుకు అది మేలే. 'స్కూల్'ను 'ఇస్కూల్' అనడం, తెలుగు అలవాటుతో 'బస్'ను 'బస్సు' అనడం మాత్రం విని సరిదిద్దుకోవాలి. యాస ఉంటే తప్పు లేదు, మాట అర్థం కావాలి.

అయితే పుస్తకం ఎదురు ప్రశ్న వేయదు. ఇద్దరు పిల్లలు ఎదురెదురుగా కూర్చుని, ఒకరు అడిగి ఒకరు చెప్పి, ఫోనులో రికార్డు చేసి వినాలి. కాబట్టి తలా ఒక గైడు పంచేకన్నా, ఈ మూడు రకాలు రెండేసి ప్రతులు సొసైటీ లైబ్రరీలో పెట్టడం మేలు. ఇంగ్లిషు వచ్చిన పెద్దలు వారానికి ఒక గంట వచ్చి పిల్లలతో మాట్లాడితే, అదీ సదఖాయే. ఏటేటా కొత్త పిల్లల చేతుల్లోకి వెళ్లే పుస్తకం సదఖయె జారియా. బీరువాలో ఉండిపోయేది కాదు.