నేలలోకి దూకే రహస్యాయుధాలు

ఇంగ్లండ్‌లోని స్టాఫర్డ్‌షైర్‌లో ఆల్టన్ అనే చిన్న ఊరుంది. పక్కనే ఒకప్పటి ష్రూస్‌బరీ ప్రభువుల భవనం, తోటలు. 1980లో అక్కడ కార్క్‌స్క్రూ అనే రోలర్ కోస్టర్ పెట్టాక ఆల్టన్ టవర్స్ బ్రిటన్‌లో పేరుమోసిన థీమ్ పార్కు అయింది. మన దగ్గర పెద్ద హీరో సినిమా టైటిల్ ఏమిటో, టీజర్ ఎప్పుడో అని అభిమానులు ఎంత ఆరా తీస్తారో, ఆ పార్కులో కొత్త కోస్టర్ వస్తోందంటే అక్కడివాళ్ళదీ అంతే గోల.

ఆ గోలకు ఆజ్యం పోసేది పార్కువాళ్ళే. అసలు పేరు చెప్పకుండా కొత్త రైడ్‌ని ‘సీక్రెట్ వెపన్’ అంటారు. మొదటి రెండు ఆయుధాలూ కాగితాల మీదే ఆగిపోయాయి. మూడోది 1994లో నెమెసిస్‌గా, నాలుగోది 1998లో ఆబ్లివియన్‌గా వచ్చాయి. తర్వాత 2002లో ఎయిర్, 2010లో థర్టీన్, 2013లో స్మైలర్, 2018లో వికర్ మ్యాన్.

పేరుకే రహస్యం. ఏది కట్టాలన్నా స్థానిక కౌన్సిల్ అనుమతి కావాలి, దరఖాస్తుతో పాటు ఇచ్చిన ప్లాన్లు ఎవరైనా చూడొచ్చు. అభిమానులు వాటిని ముందేసుకుని ఎత్తులూ మలుపులూ కొలుస్తారు. పట్టా ఎటు తిరుగుతుందో ప్లాన్‌లో కనబడుతుంది గానీ, మూసి ఉన్న షెడ్డులో ఏం జరుగుతుందో కనబడదు. ఊహాగానాలన్నీ ఆ షెడ్డు చుట్టూనే.

అసలు ఈ పార్కు రైడ్‌లు ఇంత విచిత్రంగా ఉండడానికి కారణం ఒక నిబంధన: ఏ రైడూ చెట్ల తలలు దాటి పైకి కనబడకూడదు. సినిమా స్పెషల్ ఎఫెక్ట్స్‌లో పనిచేసి వచ్చిన డిజైనర్ జాన్ వార్డ్‌లీ, పైకి వెళ్ళే దారి లేనప్పుడు కిందికి వెళ్ళాడు. నెమెసిస్ కోసం రాతినేలను పేల్చి గొయ్యి తవ్వారు. జనం పట్టా కింద కాళ్ళు వేలాడేసుకుని ఆ గోతిలో గిరికీలు కొడతారు. ఆబ్లివియన్ నేల మీద 20 మీటర్లే కనిపిస్తుంది, కానీ పడేది 55 మీటర్లు. మిగతాదంతా పొగ కమ్మిన సొరంగం. దూకబోయే ముందు బండి అంచున కొన్ని క్షణాలు ఆగి, కింద నోరు తెరిచిన గోతిని చూపిస్తుంది. ఎత్తు లేని లోటును లోతుతో పూడ్చారన్నమాట. నిట్టనిలువు పతనమని ప్రచారం చేశారు గానీ లెక్కకు అది 87.5 డిగ్రీలే. అంచున వేలాడేవాడికి ఆ తేడా ఏం తెలుస్తుంది!

థర్టీన్ కథ వేరు. పాత కార్క్‌స్క్రూ తీసేసిన చోట వచ్చిన ఈ రైడ్‌కి, గుండె ధైర్యం లేనివాళ్ళు దూరంగా ఉండాలన్నంత హంగామా చేశారు. షెడ్డులో దాచిన గుట్టు ఇది: బండి చీకటి గదిలోకి వచ్చి ఆగుతుంది, ఉన్నట్టుండి పట్టాతో సహా దాదాపు 5 మీటర్లు కిందపడి, వెనక్కి పరుగెత్తుతుంది. హైదరాబాద్ వండర్‌లాలో రీకాయిల్ ఎక్కినవాళ్ళకు వెనక్కి పోవడం కొత్త కాదు. పట్టాయే కూలడం మాత్రం ప్రపంచంలో అదే మొదలు. అయినా చాలామంది పెదవి విరిచారు. ఎందుకంటే అది పిల్లాపాపలతో కలిసి ఎక్కే రైడ్. తప్పు రైడ్‌ది కాదు, పోస్టర్‌ది.

స్మైలర్ 14 సార్లు తలకిందులు చేసే ప్రపంచ రికార్డుతో ఊరించింది. మార్చిలో అన్నది మే 31కి గానీ తెరుచుకోలేదు. 2015 జూన్‌లో పట్టా మీద ఆగిపోయిన ఖాళీ బండిని గమనించక, కంప్యూటర్ ఆపిన బండిని సిబ్బంది ముందుకు పంపారు. రెండూ ఢీకొని ఇద్దరు యువతులు చెరో కాలు కోల్పోయారు. కోర్టు పార్కు నడిపే కంపెనీకి 50 లక్షల పౌండ్ల జరిమానా వేసింది. ప్రారంభం వాయిదా పడితే తిట్టుకునే అభిమానులు ఈ సంగతి మరవకపోతే మంచిది.

ఆ వైపు వెళ్ళే తెలుగువాళ్ళకు ఒక మాట. ఇది చదివిన పాపానికి థర్టీన్ గుట్టు మీకు తెలిసిపోయింది, క్షమించాలి. ఆబ్లివియన్‌కి ఆ బెంగ లేదు, గొయ్యి ఎదురుగానే ఉంటుంది. కాకపోతే పిల్లల ఎత్తు ముందే చూసుకోండి: థర్టీన్‌కి 1.2 మీటర్లు, ఆబ్లివియన్‌కి 1.4 మీటర్లు ఉండాలి.