అయిదు డాలర్ల వెనక

కార్మికుల మీద మనవాళ్లు రాసిన కథల్లో సైరను మోగుతుంది, పొగ కమ్ముకుంటుంది. పని మాత్రం అరుదుగా కనిపిస్తుంది. పని మారితే మనిషేమవుతాడో తెలియాలంటే డిట్రాయిట్ పక్కన, హైలాండ్ పార్కులోని ఫోర్డు ఫ్యాక్టరీని చూడాలంటాను. 1913 దాకా అక్కడ కారు ఒకచోట నిలిచి ఉండేది, పనివాళ్లు దాని చుట్టూ తిరిగేవారు. ఆ యేడు కారు కదిలింది, మనిషి నిలబడిపోయాడు. ఒకడికి రోజంతా ఒకే నట్టు. పన్నెండున్నర గంటల చట్రం కూర్పు మరుసటేడుకి 93 నిమిషాలకు దిగింది.

1908లో 850 డాలర్లున్న మోడల్ టి, 1925 నాటికి 300 లోపుకు వచ్చింది. రైతు కారెక్కాడు, పల్లెకు పట్నం దగ్గరయింది. ఇది అభ్యుదయమే, కాదనడం మొండితనం.

అయితే ఆ పనిలో మనుషులు నిలవలేదు. 1913లో కార్మికుల రాకపోకలు 370 శాతం! అందుకే 1914 జనవరిలో రోజుకు అయిదు డాలర్ల ప్రకటన. దాన్ని దాతృత్వమనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. అందులో దాదాపు సగం లాభాల వాటా. తాగుతాడా, ఇల్లు శుభ్రమేనా అని కంపెనీ మనుషులు ఇంటికొచ్చి చూసి ఒప్పుకుంటేనే దక్కేది.

1936లో 'మోడరన్ టైమ్స్' తీసిన చాప్లిన్ ఉపన్యాసమివ్వలేదు. పని ఆగినా బిగిస్తూనే ఉండే రెండు చేతులను చూపాడు.