సందులో చుక్కను నిలపడం

మన హాలహర్విలో రాత్రి కరెంటు పోయినప్పుడు హాస్టల్ మిద్దె ఎక్కితే ఆకాశం నిండా చుక్కలే. ఒక పని చేసి చూడండి. మూరెడు సన్నపైపును పిట్టగోడకు కదలకుండా కట్టి, అందులోంచి ఒక చుక్కను చూడండి. పావుగంటలో చుక్క మాయమవుతుంది. (ధ్రువ నక్షత్రాన్ని మాత్రం ఎంచుకోకండి, మోసపోతారు!) చుక్క ఎక్కడికీ పోలేదు. భూమి గంటకు 15 డిగ్రీలు తిరుగుతోంది.

ఖగోళ శాస్త్రజ్ఞులకూ ఇదే తంటా. చుక్క వెలుగును రంగులుగా విడదీసే పరికరం స్పెక్ట్రోగ్రాఫ్. ఆ రంగుల పట్టీలోని గీతలను బట్టి చుక్కలో ఏ మూలకాలున్నాయో చెబుతారు. గీతలు స్పష్టంగా రావాలంటే వెలుగు ముందుగా ఒక సన్నని సందులోంచి పోవాలి. ఆ సందులో పట్టే ఆకాశం ఎంతో తెలుసా? అయిదు కిలోమీటర్ల దూరంలోని రూపాయి బిళ్లంత, మహా అయితే రెండు బిళ్లలంత! టెలిస్కోపును మోటారు తిప్పకపోతే చుక్క రెప్పపాటులో దాన్ని దాటిపోతుంది.

మొదట పటం చూసి, చుట్టుపక్కల చుక్కల అమరికను బట్టి మనకు కావలసినదాన్ని గుర్తుపట్టాలి. తప్పు చుక్కను పడితే రాత్రంతా వృథా. తర్వాత దాన్ని సందు మీదికి తేవాలి. సందు అంచులు అద్దంలా మెరుస్తాయి. లోపలికి పోని వెలుగు వాటిపై పడి వెనక్కి కనిపిస్తుంది. రెండు పక్కలా సమానంగా ఒలికితే చుక్క నడిమధ్యన ఉన్నట్టు. ఒక పక్కకు జరిగితే టెలిస్కోపును కొద్దిగా సర్దాలి. గాలికీ, పళ్లచక్రాల లోపాలకూ అది జరుగుతూనే ఉంటుంది. ఒకప్పుడు చలిలో కూర్చుని గంటల తరబడి కంటితో చూస్తూ సర్దేవారు. ఇప్పుడు ఆ పని చాలావరకు కెమెరా, కంప్యూటర్ చేస్తున్నాయి. తమిళనాడు కావలూరులోని 2.34 మీటర్ల వైను బప్పు టెలిస్కోపుకైతే వెలుగును సన్నని గాజు తీగ ద్వారా స్పెక్ట్రోగ్రాఫ్‌కు పంపే ఏర్పాటుంది. అక్కడ చుక్కను తీగ కొన మీద నిలపాలి. బప్పు హైదరాబాదులో పెరిగినవారే.

సందును ఎక్కడ పెట్టాలో తెలియడం ఎంత గొప్పదో మన గుంటూరులో తేలింది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం చూడటానికి ఫ్రాన్సు నుంచి జాన్సెన్ అక్కడికి వచ్చారు. సూర్యుని అంచున లేచే ఎర్రని జ్వాలల గీతలు ఎంతో ప్రకాశంగా కనిపించాయి. గ్రహణం లేకపోయినా ఇవి కనిపించాలి కదా అనుకున్నారు. ఆ రోజు మబ్బు పట్టింది. మర్నాడు పొద్దున్నే సందును సూర్యుని అంచుకు చేర్చి చూశారు. గీతలు కనిపించాయి! సందును కొంచెం కొంచెం జరుపుతూ జ్వాలల ఆకారం కూడా తెలుసుకున్నారు. ఇంగ్లండులో లాకియర్ కూడా అక్టోబరులో విడిగా ఇదే సాధించారు. ఇద్దరి ఉత్తరాలూ పారిస్ అకాడమీకి ఒకే రోజు చేరాయి. 1872లో ఫ్రాన్సు ప్రభుత్వం ఇద్దరి ముఖాలతో ఒకే పతకం వేయించింది.