మట్టి దించాం, ఎండ దిగింది

*రాయలసీమ మట్టి మిద్దెలు ఒక్కొక్కటే శ్లాబులుగా, రేకులుగా మారుతున్నాయి. కప్పు గట్టిపడింది. మరి ఎండనెవరు ఆపాలి?*

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల మూడూ ఇంచుమించు పద్నాలుగున్నర డిగ్రీల అక్షాంశం మీదున్న ఊళ్ళు. ఏప్రిల్ చివర్లో ఒకసారి, ఆగస్టు రెండో వారం ప్రాంతంలో ఇంకోసారి ఇక్కడ మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికొస్తాడు. మనిషి నీడ కాళ్ళ కిందే ముడుచుకుంటుంది. ఆ వేళ గోడలకు తగిలే ఎండ నామమాత్రం, భారమంతా పైకప్పుదే. అందుకే ఇక్కడ పాత ఇంటి కప్పు మార్చడమంటే ఆ ఇంట్లో ఎండాకాలం ఎలా గడవాలో తేల్చడమే. కానీ కప్పు మార్చేటప్పుడు మేస్త్రీని అడిగేవి రెండే ప్రశ్నలు: కారదు కదా, ఎన్నేళ్ళుంటుంది? వేడి మాట మొదటి వేసవి దాకా గుర్తుకు రాదు. మట్టి మిద్దె దించడం తప్పేమీ కాదు. ఇన్నాళ్ళూ అది చేసిన పనిని ఇంకెవరికీ అప్పజెప్పకుండా దించడమే తప్పు.

పొరల్లో దాగిన పని

మిద్దెను కింది నుంచి పైకి చదవాలి. గోడల మీద దూలాలు, వాటికి అడ్డంగా దంతెలు. జమ్మలమడుగు, ఎర్రగుంట్ల వైపు దంతెల మీద నాపరాళ్ళు పరిచారు. రాయి దొరకని చోట కట్టెలు పేర్చి ఆకో, బోదో వేశారు. ఆపైన మట్టి, అన్నిటికంటే పైన చవుడు. నాపరాయిని భూగర్భ శాస్త్రవేత్తలు నార్జి సున్నపురాయి అంటారు. 1872లో విలియం కింగ్ కడప, కర్నూలు శిలల మీద రాసిన గ్రంథం నాటి నుంచీ ఆ పేరుంది. పొరలు పొరలుగా విడిపోయే గుణం వల్లే అది కప్పుకు పనికొచ్చింది. చవుడుది ఇంకో గుణం. ఎర్రమట్టి నీళ్ళను కిందికి వదిలేస్తుంది, నల్లరేగడి ఎండకు నెర్రెలు బారుతుంది. చవుట్లో సోడియం ఎక్కువ కాబట్టి, తొలి చినుకులకే అందులోని బంకరేణువులు విడివడి సన్నని సందుల్లో కూరుకుపోతాయి. ఆ తర్వాత పడ్డ నీళ్ళు కిందికి దిగలేక మిద్దె అంచున ఉన్న గొట్టం దారి పడతాయి. పైరుకు అక్కరకు రాని నేల మనిషి నెత్తి మీద అలా కుదురుకుంది.

ఈ వరుసలో ఏది పైనుందో ముఖ్యం. వేల్స్ లాంటి చలి దేశాల్లో స్లేటు కప్పును బాగుచేసేవాళ్ళు ఉన్నిలాంటి పొరను పలకల అడుగున వేస్తారు. ఇంట్లో వెచ్చదనం బయటికి పోకూడదన్నది వాళ్ళ బాధ. మన బాధ వేరు: వేడి పైనుంచి దిగుతుంది. కాబట్టి ఆపేది రాతికి పైన ఉండాలి. మిద్దెలో మట్టి ఉన్నది అక్కడే.

దాని బదులు వచ్చినవి

2018లో కేంద్రం తెచ్చిన ఎకో నివాస్ సంహిత ఇళ్ళ కప్పులకు ఒక హద్దు పెట్టింది: బయటికీ లోపలికీ ఒక డిగ్రీ తేడా ఉంటే చదరపు మీటరు కప్పులోంచి 1.2 వాట్లకు మించి వేడి దిగకూడదు. పైన ఏమీ వేయని ఆరంగుళాల శ్లాబుకు ఈ అంకె 3 దాటుతుంది. సిమెంటు రేకైతే ఇంకా అధ్వానం. పులివెందులకు ఆ రేకుతో ఒక చుట్టరికం ఉంది. రేకుల్లో కలిపే తెల్ల రాతినారను (ఆస్బెస్టాస్) ఆ చుట్టుపక్కలే తవ్వారు. ఆరోగ్యానికి చేటని 1986లో దేశంలో కొత్త లీజులు ఆపేశారు, 1993లో ఉన్నవాటి పొడిగింపూ ఆపమన్నారు. అయినా రాతినార దిగుమతి ఆగలేదు, రేకూ పోలేదు. పైగా 2011 జనాభా లెక్కల్లో రాతినార రేకు కప్పు శాశ్వత పదార్థాల జాబితాలో ఉంది, మట్టి కప్పు తాత్కాలికాల్లో ఉంది. పేరులో శాశ్వతం చేరితే ఇల్లు చల్లబడదు.

మట్టికే తిరిగి వెళ్ళాలా?

మట్టి మిద్దెను ఎవరూ ఊరికే దించలేదు. అడుగు మందం మట్టి చదరపు మీటరుకు దాదాపు అర టన్ను తూగుతుంది. పాతది తీయకుండా ఏటా కొత్త చవుడు పోస్తే ఆ బరువు పెరుగుతూనే ఉంటుంది. గోడలోకి దిగిన దూలం కొన కంటికి కనపడకుండా పుచ్చిపోతుంది. ముసురు పట్టిన రాత్రి తడిసిన మట్టి మరింత బరువెక్కి మిద్దె కూలుతుంది, ప్రాణాలు పోతాయి. మట్టి తొక్కే మనుషులూ తగ్గారు. పట్నంలో జాగా ధర పెరిగాక పైన ఇంకో అంతస్తు వేసుకోవాలన్న ఆశా న్యాయమే. మట్టిని మాత్రమే లెక్కిస్తే మిద్దె కూడా 1.2 హద్దులో ఇమడదన్నది ఇంకా గట్టి అభ్యంతరం. దాని బలం జాప్యంలో ఉంది. మధ్యాహ్నపు వేడి కిందికి చేరేసరికి రాత్రయ్యేది. అప్పటికి ఇంటిల్లిపాదీ మిద్దె మీద చాపలు పరుచుకుని పడుకునేవాళ్ళు కాబట్టి చెల్లింది. ఇప్పుడు తలుపులేసుకుని లోపలే పడుకుంటున్నాం. అందుచేత బరువుతో ఎండను ఆలస్యం చేస్తే చాలదు, తేలికైన పొరతో పైనే ఆపాలి.

దానికి దారి ఉంది. శ్లాబు వేసుకున్నవాళ్ళు నీళ్ళు దిగకుండా ముందు పూత వేయించి, దానిపైన అంగుళం మందం గట్టి ఎక్స్‌పీఎస్ ఫోమ్ బోర్డు పరిచి, వాలు పెట్టి సిమెంటు పొర కప్పి తెల్ల పెంకులు పరిపిస్తే, వేడి దిగే ఆ అంకె 1కి దిగువకు వస్తుంది. ఏసీ ఉండగా ఇదంతా ఎందుకంటారా? కాగిన శ్లాబు రాత్రంతా కక్కే వేడిని ఏసీ తోడుతూనే ఉండాలి, బిల్లు కడుతూనే ఉండాలి. కిందనే ఫాల్స్ సీలింగ్ వేస్తే చాలదా అంటే, గది కొంత తేలికపడొచ్చుగానీ శ్లాబు ఎండకు కాగుతూనే ఉంటుంది. పది మీటర్ల శ్లాబు 30 డిగ్రీల తేడాకు దాదాపు 3 మిల్లీమీటర్లు సాగి ముడుచుకుంటుంది. గోడ మీద కప్పు కూర్చున్న చోట పడే బీటకు అదొక కారణం. ఫోమ్ బోర్డు కుదరనివాళ్ళకు తెల్ల సున్నం ఉండనే ఉంది. తెలంగాణ 2023లో చల్లని కప్పుల విధానం తెచ్చింది ఇలాంటి తెల్లదనాన్ని నమ్ముకునే.

నాపరాతి మిద్దె గట్టిగా ఉంటే దించనక్కరలేదు. వేసవిలోనే పాత మట్టి పూర్తిగా దింపి, దూలాల కొనలు పొడిచి చూసి, పుచ్చిన దంతెలు మార్చి, రాళ్ళ సందులు సున్నంతో పూడ్చాలి. పైన మళ్ళీ అడుగు మట్టి ఎత్తకుండా అదే తేలిక పొర, అదే తెల్ల ముఖం చాలు. సిమెంటు రేకు తీసేటప్పుడైతే, రాతినార ధూళి లేవకుండా, పగలగొట్టకూడదు. తడిపి, మొత్తంగా దించాలి.

ఎర్రగుంట్ల ఫ్యాక్టరీల్లో సిమెంటయ్యేదీ ఈ నేల సున్నపురాయే. రాయి మారలేదు, దాని పైనున్నది పోయింది. మేస్త్రీ రాసిచ్చే ఎస్టిమేటులో ఇనుము, సిమెంటు, ఇసుక, కూలి అని వరుసలుంటాయి. వానలకు ముందు ఏటా ఎత్తిన చవుడు ఖర్చు ఏ కాగితం మీదా లేదు. ఎండ ఆపే పనికి ఇంటివాళ్ళు కట్టిన వెల అదే. ఇకనుంచి ఆ వరుస ఎస్టిమేటులో ఇనుము పక్కనే ఉండాలి.