గొఱ్ఱె తన వారిని ఎట్లు గుర్తించును?

ఆలోచన లేక ఒకరి వెంట ఒకరు పోవుటను మనము ‘గొఱ్ఱెదాటు’ అందుము. ఈ మాటను బట్టి గొఱ్ఱెకు తోటి గొఱ్ఱెలన్నియు ఒక్కటేనని తోచును. కాని అది నిజము కాదు. గొఱ్ఱె తన తల్లిని, తన పిల్లను, మందలోని తోటి గొఱ్ఱెలను వేరువేరుగా గుర్తింపగలదు. ఈ ఎఱుక ఒక్కసారిగా కలుగునది కాదు; వయస్సుతో మెట్టుమెట్టుగా పెరుగును. ప్రతి మెట్టునకును తగిన కాలమొకటి గలదు.

మొదట తల్లి సంగతి చూతము. ఈనునపుడు జననమార్గము సాగుటచే తల్లి మెదడులో ఆక్సిటోసిన్ అను హార్మోను విడుదలయగును. అంతవరకు ఉమ్మనీటి వాసనను ఏవగించుకొను గొఱ్ఱె, అప్పుడు ఆ వాసనకే ఆకర్షితమై పిల్లను నాకును. సుమారు రెండు గంటలలో ఆ పిల్ల వాసన దాని మనస్సున నిలిచిపోవును. ఆ పిమ్మట పరాయి పిల్ల పొదుగు చేరినచో కుమ్మి తరుమును. పుట్టిన వెంటనే పిల్లను కొన్ని గంటలు వేరుగా ఉంచినచో, తల్లి సొంత పిల్లనే నిరాకరింపవచ్చును.

పిల్ల కూడ ఊరకుండదు. పాలు కుడుచుచు మొదట తల్లిని దగ్గరనుండి తెలిసికొనును. రెండు మూడు దినములలో అరపును, రూపమును బట్టి కొంత దూరమునుండియే గుర్తించును.

ఈ తొలి పరిచయము ప్రభావమెంతకాలముండును? కీత్ కెండ్రిక్, ఆయన సహచరులు 1998లో ఒక ప్రయోగ ఫలితమును ప్రకటించిరి. వారు గొఱ్ఱెపిల్లలను మేకలచేతను, మేకపిల్లలను గొఱ్ఱెలచేతను పెంచిరి. పెరిగిన పిల్లలు తమను పెంచిన జాతివైపే మొగ్గినవి. తరువాత వానిని సొంత జాతితోనే ఉంచగా, ఆడవి ఒకటి రెండు సంవత్సరములలో మారినవి. మగవి మాత్రము మూడు సంవత్సరములు గడచినను పెంచిన జాతినే కోరుచుండెను!

ఎదిగిన గొఱ్ఱెకు ముఖమే ముఖ్యమైన గుర్తు. మెదడులో కణతవైపు భాగమున ముఖములను చూచినపుడే ఉత్తేజితమగు కణములున్నట్లు 1987లో వెల్లడియైనది. ఇంగ్లండులోని బాబ్రహాం సంస్థలో కెండ్రిక్ బృందము గొఱ్ఱెలకు ముఖముల ఛాయాచిత్రములను చూపి శిక్షణనిచ్చెను. అవి 50 ముఖములను రెండు సంవత్సరములకు పైగా జ్ఞాపకముంచుకొనినట్లు 2001లో తేలెను. ఒంటరిగా ఉంచి బెదరిన గొఱ్ఱెకు తోటి గొఱ్ఱె ముఖచిత్రమును చూపగా దాని భయము తగ్గినట్లు 2004లో నిరూపింపబడెను.

ఇందువలన పశుపోషకులకు లాభమేమి? ఈనిన తల్లినీ పిల్లనూ మొదటి గంటలలో కదలింపరాదు. తల్లిలేని పిల్లను మఱియొక గొఱ్ఱెకు అలవాటు చేయదలచినచో, అది ఈనిన వెంటనే దాని ఉమ్మనీటిని ఆ పిల్లకు పూయుట మేలు. రోగముచే వేరుచేసిన గొఱ్ఱెను, అంటురోగము కానిచో, మందకు కనబడునట్లు కట్టుట మంచిది.

విద్యార్థులు ఈ సంగతిని స్వయముగ చూడవచ్చును. దొడ్డిలో పిల్లలను ఉంచి మందను మేపుకు తోలు గ్రామములలో, సాయంకాలము మంద తిరిగివచ్చు వేళ నిలిచి పరిశీలింపుడు. తల్లి ఏ దూరమున పిల్లకు బదులు పలికినది, పాలిచ్చుటకు ముందు ఎక్కడ వాసన చూచినది, ఎన్ని పరాయి పిల్లలను త్రోసినది వ్రాసికొనుడు. ‘గొఱ్ఱెదాటు’ అను మాటలో ఎంత నిజమున్నదో అప్పుడు మీకే తెలియగలదు.